తాళాల మేస్త్రి కొడుకు లెక్క.. ఫిల్మ్ నగర్ లైటు కాడ

పొద్దుగూకినంక జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిల్మ్ నగర్ దిక్కు పోతుంటే యాడనో ఓ కాడ షూటింగ్ కండ్లవడుతది. ఓ ఇంటి ముంగట జనరేటర్ వ్యాను ఆగి బుర్రుమంటుంటది. దాంట్లకెల్లి నల్లటి కేబుళ్లు రోడ్డు పొంటి పారుకుంట గేటు లోపలికి పోతయి. గేటు కాడ నిలవడ్డ జనం హీరో ఎప్పుడు దిగుతడా అని చూస్తుంటరు. కేబుల్ దిక్కు చూసేటోడు ఒక్కడే ఉంటడు. ఆయన లైట్‌మ్యాన్. కేబుల్ మీద చెయ్యి పెట్టి, ఎంత వేడెక్కిందో చూసుకుంట తిరుగుతుంటడు.

కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గల్లీల్ల రూములు తీసుకొని ఉండే ఈ పనోళ్లల్ల పల్లెల నుంచి వచ్చినోళ్లు మస్తుమంది. చెయ్యి పెట్టి చూసుడు అనుభవంతోని వచ్చిన విద్య, దాన్ని తక్కువ చేసి మాట్లాడేది లేదు. కానీ చెయ్యికి తెలిసేసరికే కేబుల్ వేడెక్కి ఉంటది. వేడెక్కక ముందే తెలుసుకునే లెక్క ఒకటి ఉంది. అది యాడనో లేదు, పదో తరగతి సైన్సు పుస్తకంలనే ఉంది. మనందరం బట్టీ కొట్టి, పరీక్ష రాసి, ఆ తెల్లారే మర్చిపోయిన ఓమ్ నియమం.

ఆ ఓమ్ అనేది మంత్రం కాదు, మనిషి పేరు. జార్జ్ సైమన్ ఓమ్. ఆయన బతుకు తెలిస్తే ఆ లెక్క ఎందుకు మర్చిపోవద్దో తెలుస్తది.

ఇప్పటి జర్మనీల, బవేరియా రాష్ట్రంల ఎర్లాంగెన్ అనే ఊరుంది. అక్కడ 1789 మార్చి 16న ఓమ్ పుట్టిండు. నాయిన యోహాన్ వోల్ఫ్‌గాంగ్ తాళాలు చేసే మేస్త్రి. అమ్మ మరియా ఎలిజబెత్ ఓ దర్జీ బిడ్డ. ఏడుగురు పిల్లలు పుడితే బతికింది ముగ్గురే. ఓమ్‌కు పదేండ్లున్నప్పుడు అమ్మ సుత పోయింది. నాయిన బడికి పోయి పెద్ద సదువులు సదివినోడు కాదు. ఆకురాయి పట్టుకున్న చేతులతోనే పుస్తకాలు పట్టుకొని, లెక్కలు, భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం సొంతంగ నేర్చుకున్నడు. నేర్చుకున్నదాన్ని ఇద్దరు కొడుకులకు ఇంట్లనే చెప్పిండు. ఊర్ల ఉన్న యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒకాయన వచ్చి పిల్లగాన్ని పరీక్షించి, లెక్కల్ల వాడి పట్టు చూసి మెచ్చుకున్నడు. ఓమ్ తమ్ముడు మార్టిన్ సుత తర్వాత పేరున్న గణిత పండితుడయ్యిండు. ఒక తాళాల దుకాణం నుంచి ఇద్దరు గణితం తెలిసినోళ్లు వచ్చిన్రంటే ఆ నాయిన కష్టం ఎసొంటిదో అర్థం చేసుకోవచ్చు.

1805ల ఓమ్ ఎర్లాంగెన్ యూనివర్సిటీల చేరిండు. చేరినంక ఏం చేసిండంటే, మనోళ్లు పట్నం వచ్చినంక చేసేదే చేసిండు. డ్యాన్సులు, బిలియర్డ్స్ ఆట, చలికాలం మంచు మీద జారుడు. సదువు పక్కకు వోయింది. పైస పైస కూడబెట్టి పంపిన నాయినకు కోపం రాక ఉంటదా? మూడు సెమిస్టర్లకే సదువు బంద్ పెట్టించిండు. 1806ల ఓమ్ స్విట్జర్లాండ్ పోయి ఓ చిన్న బడిల లెక్కల సారుగా చేరిండు. అప్పుడు ఆయనకు 17 ఏండ్లు. అక్కడ పిల్లలకు సదువు చెప్పుకుంట, రాత్రిళ్లు తన సదువు తను సదువుకున్నడు. 1811ల ఎర్లాంగెన్‌కు తిరిగొచ్చి డాక్టరేటు తీసుకున్నడు. దారి తప్పినోడు దారికొచ్చుడు అంటే ఇదే. ఐదేండ్లు పట్టింది, అయినా వచ్చిండు.

డాక్టరేటు వచ్చింది గానీ కొలువు మంచిది దొరకలే. యూనివర్సిటీల కొన్నాళ్లు పాఠం చెప్పిండు, ఆ జీతం కడుపు నింపలే. 1813ల బాంబెర్గ్ అనే ఊర్ల బడిపంతులు పని పట్టిండు. 1816ల ఆ బడే మూతబడ్డది. ఇంకో బడికి పంపిన్రు. ఆ తిప్పలల్లనే రేఖాగణితం మీద ఓ పుస్తకం రాసి, ప్రష్యా రాజుకు పంపిండు. రాజుకు నచ్చింది. 1817ల కొలోన్ పట్నంల ఓ పేరున్న హైస్కూల్‌ల లెక్కలు, ఫిజిక్స్ చెప్పే పని దొరికింది. ఆ బడిల మంచి ల్యాబు ఉండె. ఓమ్ బతుకు మారింది ఆ ల్యాబుల్నే.

అప్పటికి కరెంటు అంటే కొత్త వింత. ఇటలీల వోల్టా 1800ల బ్యాటరీ చేసి చూపించిండు. 1820ల డెన్మార్క్‌ల ఓర్‌స్టెడ్, తీగల కరెంటు పారితే పక్కన ఉన్న అయస్కాంతం సూది కదులుతదని కనిపెట్టిండు. అందరూ ఆ వింతను చూసి అబ్బుర పడ్డరు. కానీ ఎంత పారుతుంది, ఎందుకు తగ్గుతుంది అనేదాని లెక్క ఎవ్వరూ తెగ్గొట్టలే. ఓమ్ ఆ పని మీద కూసున్నడు. నాయిన కాడ నేర్చిన లోహం పని ఇక్కడ అక్కెరకొచ్చింది. పనిముట్లు తన చేతులతోనే తయారుచేసుకున్నడు.

మొదటిసారి తప్పు పోయింది. 1825ల అచ్చేసిన పేపర్‌ల ఆయన చెప్పిన సూత్రం సరిగ్గ లేదు. దానికి కారణం బ్యాటరీ. అప్పటి బ్యాటరీలు కలిపిన నిమిషాన ఒక తీరు, గడిసేకొద్దీ ఇంకో తీరు పనిచేసేటివి. తాడు సాగుకుంట ఉంటే పొలం కొలత సరిగ్గ రాదు కదా, గట్లనే. అప్పుడు పోగెన్‌డార్ఫ్ అనే పత్రిక సంపాదకుడు ఓ సలహా ఇచ్చిండు. బ్యాటరీ బదులు రెండు లోహాల జోడు వాడుమన్నడు. ఓమ్ రాగి, బిస్మత్ ముక్కలను అతికించి, ఒక అతుకును మరిగే నీళ్లల్ల, ఇంకో అతుకును మంచుల పెట్టిండు. ఒక దిక్కు వేడి, ఒక దిక్కు సల్ల. ఆ తేడాతోని సన్నగ కరెంటు పుడుతది. నీళ్లు మరుగుతున్నంత సేపు, మంచు కరుగుతున్నంత సేపు ఆ తేడా మారదు. అంటే నెట్టే బలం మారదు. ఇగ తాడు సాగుడు ఆగింది.

తర్వాత ఆయన ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలు తీసుకున్నడు. అన్నిట్లకెల్లి పొట్టిది 2 అంగుళాలు, అన్నిట్లకెల్లి పొడుగుది 130 అంగుళాలు. ఒకదాని తర్వాత ఒకటి తగిలించి, పైనుంచి ఏలాడదీసిన అయస్కాంతం సూది ఎంత కదిలిందో కొలిచిండు. తీగ పొడుగైనకొద్దీ కరెంటు తగ్గింది. ఎట్ల తగ్గిందో కాయితం మీద పెడితే ఓ సూత్రం తేలింది. ఒక అంకెను, ఇంకో అంకె ప్లస్ తీగ పొడుగుతోని భాగించాలె. మొదటి అంకె నెట్టే బలం. ఇప్పుడు మనం వోల్టేజి అంటున్నది దాన్నే. రెండో అంకె, తీగ కాకుండ మిగిలిన దారిల ఉన్న అడ్డు. తీగ పొడుగు, తీగ పెట్టే అడ్డు. ఆ అడ్డునే రెసిస్టెన్స్ అంటరు, మన పుస్తకంల నిరోధం అని ఉంటది. 1826ల ఇది అచ్చయింది.

ఇక్కడ ఆగి ఒక్కసారి ఫిల్మ్ నగర్‌కు వద్దాం. ఓమ్ కొలోన్ బడిల చేసింది, జనరేటర్ వ్యాను కాడ లైట్‌మ్యాన్ రోజూ చేసేది ఒక్కటే. ఒక దిక్కు నెట్టే వోల్టేజి, నడుమ పొడుగు తీగ, ఆ కొసకు లైటు.

లెక్క చూడుండ్రి. 5 కిలోవాట్ల టంగ్‌స్టన్ లైటు ఒకటి ఉందనుకుందాం. జనరేటర్ 230 వోల్టులు ఇస్తుంది. వాట్లను వోల్టులతోని భాగిస్తే ఆంపియర్లు వస్తయి. 5000ను 230తోని భాగిస్తే 21.7 ఆంపియర్లు. ఇప్పుడు వోల్టులను ఆంపియర్లతోని భాగిస్తే అడ్డు ఎంతో వస్తది. 230ని 21.7తోని భాగిస్తే దగ్గర దగ్గర 10.6 ఓమ్‌లు. లైటు వెనక రేకు మీద రాసి ఉన్న రెండంకెల నుంచి మనకు కావాల్సిన ఇంకో రెండంకెలు వచ్చినయి.

ఇగ కేబుల్. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కిలోమీటరుకు 7.4 ఓమ్‌ల దాకా అడ్డు పెడుతది. జనరేటర్‌కు, లైటుకు నడుమ 100 మీటర్లు ఉందనుకుంటే, పోయే తీగ, వచ్చే తీగ కలిపి 200 మీటర్లు. ఈ రానుపోను లెక్క చానమంది మర్చిపోతరు. అడ్డు 1.48 ఓమ్‌లు అయితది. లైటు అడ్డు, కేబుల్ అడ్డు కలిపితే సుమారు 12 ఓమ్‌లు. 230ని 12తోని భాగిస్తే ఇప్పుడు పారేది 19 ఆంపియర్లే. ఆ 19ని కేబుల్ అడ్డుతోని గుణిస్తే 28 వోల్టులు. అంటే లైటుకు చేరేది 202 వోల్టులే. కెమెరామెన్ లైటు డల్లుగ ఉందంటే లైట్‌మ్యాన్ మీద కేకలేస్తరు. తప్పు లైట్‌మ్యాన్‌ది కాదు, 28 వోల్టులను కేబుల్ నడుమల్నే మింగింది.

మింగింది యాడికి పోతది? వేడి అయితది. ఆ వేడి లెక్క చెప్పింది ఇంకొకాయన. ఇంగ్లండ్‌ల బీరు తయారుచేసే కంపెనీ ఓనర్ కొడుకు జేమ్స్ జౌల్. 1841ల ఆయన పేపర్ అచ్చయింది. కరెంటును కరెంటుతోని గుణించి, దాన్ని అడ్డుతోని గుణిస్తే తీగల పుట్టే వేడి వస్తది. 19ని 19తోని, దాన్ని 1.48తోని గుణిస్తే 530 వాట్ల పైన. కేబుల్ పొడుగూత పరిసి ఉంటే ఆ వేడి గాలికి పోతది. అదే కేబుల్‌ను సగం చుట్టకుండనే, డ్రమ్ముకు చుట్టలు చుట్టలుగ ఉంచి వాడితే, వేడి పోనీకి తావుండదు. లోపలి చుట్టల రబ్బరు మెత్తబడి కరుగుతది. తీగకు తీగ తగిలి నిప్పు పుడుతది. అందుకే తెలిసిన లైట్‌మ్యాన్ డ్రమ్ము మొత్తం విప్పిస్తడు.

ఇదే కేబుల్‌కు 2 కిలోవాట్ల లైటు పెడితే పుట్టే వేడి సుమారు 100 వాట్లే. లైటు రెండున్నర రెట్లు పెద్దదైతే కేబుల్ వేడి ఐదు రెట్లు దాటింది. కరెంటును రెండుసార్లు గుణిస్తున్నం కాబట్టి ఇట్లయితది. చేతి అందాజాకు ఈ సంగతి అందదు. లైటు కొంచెమే పెద్దది కదా అనిపిస్తది. లెక్క అట్ల అనదు. అదే 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 5 కిలోవాట్ల లైటుకు సుత వేడి 260 వాట్లకు దిగుతది, లైటుకు 217 వోల్టులు చేరుతయి.

మళ్ల ఓమ్ కాడికి పోదాం. సూత్రం దొరికినంక ఆయన పెద్ద ఆశ పెట్టుకున్నడు. యూనివర్సిటీల కొలువు దొరుకుతదనుకున్నడు. సగం జీతం మీద సెలవు తీసుకొని, బెర్లిన్‌ల తమ్ముని కాడ ఉండి, 1827ల పుస్తకం అచ్చేయించిండు. కరెంటు దారి మొత్తాన్ని గణితంతోని వివరించిన పుస్తకం అది. కానీ అప్పటి జర్మనీ పండితులల్ల చానమందికి అది రుచించలే. ప్రకృతిని అంకెలల్ల బంధించుడేందని కొందరు, ఇది గాలిమాట అని కొందరు తీసిపారేసిన్రు. పోల్ అనే పండితుడు పుస్తకాన్ని గట్టిగ తిట్టుకుంట రాసిండు. ఓమ్‌కు పెద్ద పదవి లేదు, వెనక పెద్ద పేరున్నోళ్లు లేరు. బడిపంతులు మాట ఎవరు ఇంటరు? మనసు ఇరిగి 1828ల కొలోన్ కొలువుకు రాజీనామా పెట్టిండు. బెర్లిన్‌ల చిన్న చిన్న పాఠాలు చెప్పుకుంట, కొద్ది పైసలతోని ఏండ్లు నెట్టుకొచ్చిండు. 1833ల న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌ల పని దొరికింది. పెండ్లి చేసుకోలే.

కానీ ఆయన చెప్పింది అభిప్రాయం కాదు, అంకె. అభిప్రాయమైతే పెద్దోళ్లు తొక్కితే పోతుండె. అంకెను ఎవరు కొలిచినా అదే వస్తది. జర్మనీల ఫెక్నర్ కొలిచి చూసిండు, రష్యాల లెంజ్ కొలిచి చూసిండు. ఫ్రాన్స్‌ల పూయే కూడా అదే తీరు ఫలితానికి వచ్చిండు. 1841ల లండన్ రాయల్ సొసైటీ ఓమ్‌కు కోప్లే మెడల్ ఇచ్చింది. అప్పటి సైన్సు లోకంల అంతకు మించిన గౌరవం లేదు. అప్పటికి ఆయనకు 52 ఏండ్లు. సొంత దేశం కంటే ముందు పరాయి దేశం గుర్తించింది. 1852ల మ్యూనిక్ యూనివర్సిటీల ఆయన కోరుకున్న ఫిజిక్స్ ప్రొఫెసర్ పదవి వచ్చింది. రెండేండ్లకే, 1854 జులై 6న కన్నుమూసిండు. 1881ల పారిస్‌ల జరిగిన అంతర్జాతీయ సభ, అడ్డును కొలిచే కొలతకు ఆయన పేరే ఖాయం చేసింది. వోల్టులు వోల్టా పేరు మీద, ఆంపియర్లు ఆంపియర్ పేరు మీద, వాట్లు జేమ్స్ వాట్ పేరు మీద, ఓమ్‌లు ఈ తాళాల మేస్త్రి కొడుకు పేరు మీద.

నేను ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్ననంటే, సెట్టు మీద లైట్‌మ్యాన్ పరిస్థితి సుత ఓమ్ పరిస్థితే. కేబుల్ కొనేటోడు వేరే, దాన్ని చేత్తోని పట్టేటోడు వేరే. సన్న కేబుల్ కొంటే పైసలు మిగిలేది ఒకరికి, చెయ్యి కాలేది ఇంకొకరికి. కేబుల్ వేడెక్కుతుందని పనోడు అంటే, ఏం కాదు, షాట్ అయిపోనీ అనే జవాబు వస్తది. అదే పనోడు, ఈ కేబుల్ 28 వోల్టులు మింగుతుంది, 500 వాట్ల పైన వేడి పుడుతుంది, 6 తీగ కావాలె అని కాయితం మీద రాసి చూపిస్తే కొట్టేసుడు అంత అల్కగ కాదు. పదవి లేనోని మాటకు బలం అంకె నుంచే వస్తది.

ఇంకో ముచ్చట. జూబ్లీహిల్స్ బంగ్లాలల్ల షూటింగ్ అయితే ఇంటి ప్లగ్గులకే లైట్లు తగిలిద్దామనే తొందర ఉంటది. 16 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల మీద మోసేది 3,680 వాట్లే. 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు మోసేది 1,380 వాట్లే. 5 కిలోవాట్ల లైటుకు ఇంటి ప్లగ్గు పనికిరాదని దీంతోనే తేలిపోయింది. ఇప్పుడు ఎల్‌ఈడీ లైట్లు వచ్చినయి, కరెంటు తక్కువ తింటయి. నిజమే. 500 వాట్ల ఎల్‌ఈడీకి రెండు ఆంపియర్ల పైచిలుకు చాలు. కానీ ఒకే బోర్డుకు పది తగిలిస్తే మళ్ల 21 ఆంపియర్లు దాటుతయి.

వాన పాట అయితే ఇంకా జాగ్రత్త పడాలె. పైపులతోని వాన కురిపిస్తరు, పక్కనే లైట్లు మండుతుంటయి. తడిసిన మనిషి ఒళ్లు పెట్టే అడ్డు 1,000 ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. 230ని 1,000తోని భాగిస్తే 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. మనుషుల ప్రాణం కాపాడనీకి పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లు లీకు కాంగనే కరెంటు కోసేస్తది. అంతకు ఏడు రెట్లకు పైన అన్నట్టు. వాన సీన్‌కు ఆ డబ్బా లేకుండ లైటు ఆన్ చేసుడు అంటే ప్రాణంతోని ఆడుకునుడే.

ఊర్ల ఉన్నోళ్లకు సుత ఇదే లెక్క. పెండ్లి పందిరికి సన్న వైరుతోని లైట్లు, డీజే అన్నీ లాగుతరు. ఫ్యూజ్ పోతే చేతికి దొరికిన లావు రాగి తీగ చుట్టుతరు. ఫ్యూజ్ తెగేదే వైరు కాలకుండ ఉండనీకి. లావు తీగ చుట్టితే ఫ్యూజ్ నిలుస్తది, వైరు కాలుతది. ఒక్కటి మాత్రం యాదికుంచుకోండ్రి. బల్బు, హీటరు లెక్క మోటరుకు నేరుగ పనికిరాదు. వోల్టేజి తగ్గితే హీటరు తక్కువ కరెంటు తీసుకుంటది. బోరు మోటరు అట్ల కాదు, మోసే బరువు అదే ఉంటది కాబట్టి ఇంకా ఎక్కువ గుంజుతది. లో వోల్టేజిల మోటర్లు కాలేది అందుకే. కరెంటు ఉన్న తీగ కాడ లెక్క పెట్టుడు కాయితం మీదనే చెయ్యాలె, చేతులు పెట్టేది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే.

పదో తరగతిల, ఐటీఐల సార్లకు ఒక్క మనవి. ఓమ్ నియమం చెప్పేటప్పుడు బోర్డు మీద మూడు అక్షరాలు రాసి ఆపకుండ్రి. ఓ కేబుల్ చుట్ట, ఓ లైటు తెచ్చి, దాని రేకు మీద అంకెలు చదివించి లెక్క చేయించుండ్రి. ఆ పిల్లలల్ల ఎవరో ఒకరు రేపు కృష్ణానగర్‌ల రూము తీసుకుంటరు. సెట్టు మీద స్విచ్చు వేసే ముందు వాట్లను వోల్టులతోని భాగించే అలవాటు వాళ్లకు ఉండాలె.